సుద్దగీత లోపల దీపావళి

సుభాషిణికి పెళ్ళయి నూట ఇరవై ఎనిమిది రోజులు. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెప్పేది. అడిగినవాళ్ళకి గంటలతో సహా చెప్పేది.

ఈ పట్టింపు ఆవిడకి ఉద్యోగంలో అబ్బింది. టీవీ కేంద్రంలో "ఎదురు గుమ్మం" అనే కుటుంబ హాస్య నాటిక వారం వారం తీసేవాళ్ళు. ఊళ్ళో టీవీలన్నిటికీ కలిపి ఒకే చానలు ఉన్న రోజులు కనక, ఆ నాటికలో బామ్మ తుమ్మితే రాష్ట్రమంతా "చిరంజీవ" అనేది. అందులో సుభాషిణిది పొందిక చూసే పని. ముందు షాట్‌లో తాతగారు కుడిచేత్తో పట్టుకున్న కాఫీ గ్లాసు తరవాతి షాట్‌లో ఎడంచేతికి పోకూడదు. కోడలి కొప్పులో కనకాంబరాలు మధ్యలో మల్లెలు కాకూడదు. అవన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చోవడమే ఉద్యోగం. ఇంటి దగ్గర కూడా అదే చూపు. భర్త చంద్రమౌళి, జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరరు, పొద్దున వెళ్ళినప్పుడు జేబులో రెండు పెన్నులుండి సాయంత్రం ఒకటే ఉంటే గుమ్మంలోనే పట్టేసేది. ఆయన కూడా పట్టుబడటం కోసమే ఒకటి కాలేజీలో వదిలేసి వచ్చేవాడని ఆవిడకి ఈమధ్యే అనుమానం వచ్చింది.

దీపావళి ఎపిసోడు తీసే బుధవారానికి వారం ముందు బాపట్ల నుంచి కార్డు వచ్చింది. సుభాషిణి నాన్నగారు సుందరరామయ్య, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. కార్డు మీద అక్షరాల కంటే బొమ్మలే ఎక్కువ. డాబా మీద ఎండబెట్టిన చిచ్చుబుడ్లు, పక్కన తాటాకు విసనకర్రతో కాకుల్ని తోలుతున్న అమ్మ, మూలన రైలు, రైల్లో కళ్ళజోడు పెట్టుకున్న అల్లుడు. కింద రెండే ముక్కలు: "తొలి దీపావళి. అల్లుడుగారిని తీసుకుని శుక్రవారం పొద్దుటి బండికి దిగాలి."

ఆ కార్డుని ఆవిడ చేతిసంచీలో పెట్టుకుని రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకునేది. దీపావళి ఎటూ సెలవే. పండగ ఎపిసోడు తొమ్మిది రోజుల ముందు బుధవారమే తీసేస్తారు. గురువారం రాత్రి బండికి టిక్కెట్లు కూడా కొనేశారు. ఇక అడ్డేముంది?

సర్క్యులరు అడ్డొచ్చింది.

దానికి మూలం, చెప్పుకుంటే సిగ్గుచేటు, సుభాషిణే. మార్చిలో ఉగాది ఎపిసోడు తీసిన రోజు సాయంత్రం ఆవిడకి పెళ్ళిచూపులు. మనసు మనసులో లేదు. సెట్లో గోడమీద వేలాడే క్యాలెండరు కాగితాలు చింపి ఉగాది తేదీకి తేవడం మర్చిపోయింది. అది అలాగే ప్రసారమైపోయింది. ఎవరూ చూడలేదనుకున్నారు కానీ పిఠాపురం నుంచి ఒక రిటైర్డు స్టేషను మాస్టారు చూశారు. "మీ క్యాలెండరు ప్రకారం ఎదురు గుమ్మంవారి ఉగాది తొమ్మిది రోజులు ముందుగా నడుచుచున్నది. పచ్చడి పులిసిపోలేదా?" అని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం బల్ల మీంచి బల్లమీదకి, ఊరి నుంచి పై ఊరికి ఎక్కుతూ పోయి, ఏడు నెలలకి ఉత్తర్వై కిందికి దిగింది.

పరిపాలనాధికారి గరుడాచలంగారు ఆ ఉత్తర్వుని నిలబడి చదివారు. ఆయనకి ఉత్తర్వులంటే అంత గౌరవం.

"'పనిదినమున చిత్రీకరించి సెలవుదినముగా చూపుట వలన ప్రేక్షకులకు అసత్యము ప్రసారము చేసినట్లగుచున్నది. కావున ఇకమీదట తెరపై చూపబడు సెలవు యథార్థమైన సెలవై యుండవలెను.' అర్థమైందా?"

నాటిక నిర్మాత ఇమ్మానుయేలుగారికి అర్థమైంది. ఆయన ఇరవయ్యేళ్ళుగా ఇలాంటివి అర్థం చేసుకుంటూ జుట్టు పోగొట్టుకున్న మనిషి. "అయితే దీపావళినాడే తీసి ఆ సాయంత్రమే వేద్దామండీ," అన్నారు నీరసంగా.

సుభాషిణి చేయి చేతిసంచీ మీదకి పోయింది. లోపల కార్డు బరువెక్కినట్టయింది.

"ఎలా తీస్తారు?" అన్నారు గరుడాచలంగారు. "ఆరోజు సెలవు. స్టూడియో భవనం తాళం వేసి ఉంటుంది."

"తీయించండి."

"తాళం తీస్తే పనిదినమవుతుంది. పనిదినమైతే సెలవు యథార్థం కాదు." ఆ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే కళ్ళు మూసుకుని ఇంకోసారి అన్నారు.

"పోనీ ఈసారి పండగ ఎపిసోడు వద్దులెండి. మామూలుది వేద్దాం. తాతగారి కళ్ళజోడు పోయిందని ఒకటి తీసి పెట్టాను."

"పండగనాడు పండగ కార్యక్రమం తప్పనిసరి. అది వేరే ఉత్తర్వు."

"మరేం చెయ్యమంటారు సార్?"

"నేను ఆలోచిస్తాను," అన్నారు గరుడాచలంగారు. ఆ మాట వింటే ఆ భవనంలో పావురాలు కూడా ఎగిరిపోయేవి.

రెండు రోజులు తలుపేసుకుని ఆలోచించారు. మూడోరోజు తలుపు తీసుకుని పెళ్ళికొడుకులా బయటికొచ్చారు. చేతిలో కాగితం.

"సెలవు ప్రకటించే అధికారం కార్యాలయాధిపతికి ఉంది. రాష్ట్రం మొత్తానికి ప్రకటించాలని లేదు. జిల్లాకి ఇవ్వచ్చు, ఊరికి ఇవ్వచ్చు. కనీస వైశాల్యం ఎంతో నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను మొత్తం చదివాను."

కాగితం నోటీసు బోర్డెక్కింది: "రెండవ స్టూడియో నేలపై సుద్దగీతచే ఆవరింపబడిన పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడవు గల ప్రదేశమునకు మాత్రము ఈ బుధవారము దీపావళి సెలవు ప్రకటించడమైనది."

ఇమ్మానుయేలుగారు దాన్ని మూడుసార్లు చదివి, "అమ్మాయ్, నీ దగ్గర తలనొప్పి మాత్ర ఉందా?" అని అడిగారు.

సుభాషిణికి మాత్రం ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. బుధవారమే తీసేస్తారు! శుక్రవారం బాపట్లే!

*

బుధవారం పొద్దున్నే సెట్లోని ఇంటి చుట్టూ గీత గీశారు. ఇల్లంటే మూడు గోడలు, ఒక ఉయ్యాల బల్ల, ఎటూ తీసుకెళ్ళని ఒక మెట్ల వరస. గీత పక్కన కుర్చీ వేసుకుని గేటు యాదగిరి రిజిస్టరుతో కూర్చున్నాడు. దాటిన ప్రతి మనిషి పేరూ రాయాలని హుకుం.

"అమ్మా, ఇటు దిక్కు బుధవారం, అటు దిక్కు దీపావళి. దాటెటోళ్ళు సోంచాయించుకొని దాటుండ్రి. మల్ల నన్నడగద్దు," అన్నాడు.

కెమెరాలు బుధవారంలో నిలబడ్డాయి. నటులు దీపావళిలోకి వెళ్ళారు. ఇమ్మానుయేలుగారు గొంతు సవరించుకుని, "సైలెన్స్! యాక్..." అనబోయారు.

"ఆగండి," అన్నారు గరుడాచలంగారు. ఆయన పర్యవేక్షణకి కుర్చీతో సహా వచ్చేశారు. "వాళ్ళు సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్నవారికి ఆజ్ఞలు ఇవ్వరాదు."

"మరి నటించేదెలా?"

"సెలవులో పని చేయరాదు. నటన వాళ్ళకి పని. కనక నటించరాదు."

నిశ్శబ్దం అడక్కుండానే వచ్చింది. ఉయ్యాల బల్లమీంచి బామ్మ కిలకిలా నవ్వింది. బామ్మ అంటే సీతారత్నంగారు. డెబ్బై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళు స్టేజీ మీద ఉన్నారు. "బతికించావు నాయనా. రాత్రంతా ఆ డైలాగు పొల్లుపోకుండా బట్టీపట్టలేక చచ్చాను. పండగే కదా, చేసుకుంటే పోలా? మా ఇంట్లో చేసుకోనా ఏమిటి? అదిగో, ఆ లడ్లు తీసి అవతల పెట్టండి ముందు."

పళ్ళెంలోవి ప్లాస్టరు లడ్లు. ఎనిమిదేళ్ళుగా అన్ని పండగలకీ అవే. వాటి మీద జీడిపప్పు ఊడిపోతే సుభాషిణే రెండుసార్లు జిగురుపెట్టి అంటించింది. సీతారత్నంగారు కాళ్ళ దగ్గర సంచీలోంచి సత్తు డబ్బా తీసి మూత తీశారు. పూర్ణం బూరెలు. వాసన గీత దాటి బుధవారంలోకి వచ్చేసింది. కెమెరామెన్ ఇద్దరూ ఒకేసారి గుటక వేశారు.

ఇమ్మానుయేలుగారు రెండు చేతులూ జోడించారు. "అమ్మా, మీకు వీలుగా ఉంటే, తొందరేం లేదు, కాస్త ఈ కెమెరా వైపు తిరిగి పండగ చేసుకుంటారా?"

అప్పుడు సుభాషిణి గోడవైపు చూసింది. క్యాలెండరు! బుధవారమే వేలాడుతోంది. మళ్ళీ అదే తప్పా! ఇంకేం ఆలోచించలేదు. పరుగున వెళ్ళి తొమ్మిది కాగితాలు చింపి, శుక్రవారానికి తెచ్చి, చీర కొంగుతో నుదురు తుడుచుకుంది.

వెనక యాదగిరి పెన్ను చప్పుడు వినిపించింది. "సుభాషిణమ్మ. పదకొండు గంటల ఐదు నిమిషాలకు దీపావళి."

"రెండు నిమిషాలే కదా యాదగిరీ!"

"పండగకు రెండు నిమిషాలేందమ్మా, రెండు దినాలేంది? పండగ పండగనే."

అసలు గొడవ అప్పుడొచ్చింది. కథలో ముఖ్యమైనవాడు కొత్త అల్లుడు. ఆ వేషగాడు కరెంటాఫీసులో గుమాస్తా. ముందురోజు వచ్చి నోటీసు బోర్డు మీద "బుధవారము దీపావళి సెలవు" అన్నంత మేర చదువుకుని, పెళ్ళాన్ని తీసుకుని నిజామాబాదు అత్తారింటికి వెళ్ళిపోయాడు.

"అల్లుడు లేకుండా తొలి దీపావళేమిటి నా శ్రాద్ధం," అన్నారు సీతారత్నంగారు.

సరిగ్గా ఆ క్షణాన స్టూడియో తలుపు కొంచెం తెరుచుకుంది. కళ్ళజోడు, దాని కింద టిఫిను క్యారియరు కనిపించాయి. సుభాషిణి పొద్దుట తొందరలో క్యారియరు మర్చిపోయింది. మధ్యాహ్నం క్లాసుల్లేవు కనక చంద్రమౌళి తెచ్చాడు. నిన్నటి వరకూ ఎప్పుడూ లోపలికి రాని మనిషి, ఇవాళ భార్య పనిచేసే చోటు చూద్దామని తొంగిచూశాడు.

"ఎవరా అబ్బాయి?" సీతారత్నంగారు.

"మా వారండీ," అంది సుభాషిణి. ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడకి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ పడ్డాయి.

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది పిల్లా?"

"నూట ఇరవై ఎనిమిది రోజులు."

"చాలు. రండి నాయనా, రండి. కాళ్ళు కడుక్కోండి."

చంద్రమౌళి క్యారియరుతో సహా దీపావళిలోకి వచ్చిపడ్డాడు. పీట వేశారు. కూర్చున్నాడు. కెమెరా ఎటుందో తెలీక యాదగిరివైపు చూసి నమస్కారం పెట్టాడు. సీతారత్నంగారు చేతిలో బూరె పెట్టి, ఏ నాటకంలోనూ పలకనంత మెత్తగా, "తొలి పండక్కి వచ్చారు. ఏం కావాలో అడగండి అల్లుడుగారూ. వాచీయా? ఉంగరమా? అడక్కపోతే మాకు చిన్నతనం," అన్నారు.

చంద్రమౌళి బూరె వైపు చూశాడు. గీత అవతల నోటుబుక్కు గుండెలకి అదుముకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు.

"నాకేం వద్దండీ. శుక్రవారం మా ఆవిణ్ణి బాపట్ల పంపించండి చాలు. వారం నుంచి నిద్దట్లో కూడా రైలు టైము చెబుతోంది. నిన్న ప్లాట్‌ఫారం నంబరు కూడా చెప్పింది."

స్టూడియో అంతా గొల్లుమంది. ఒక కెమెరా ఊగింది. ఇమ్మానుయేలుగారు ఏడేళ్ళ తరవాత నవ్వారు. సుభాషిణి మాత్రం నవ్వాలో, నోటుబుక్కులో మొహం దాచుకోవాలో తేలక రెండూ చేసింది.

గరుడాచలంగారు ఒక్కరే నవ్వలేదు. రిజిస్టరు తెప్పించుకుని చదువుతున్నారు.

*

సాయంత్రానికి మెమో వచ్చింది.

"సుద్దగీత లోపల దీపావళి సెలవును వినియోగించుకొనిన సిబ్బంది, అదే సెలవును రెండవసారి పొందుటకు అనర్హులు. కావున వారు శుక్రవారము యథావిధిగా విధులకు హాజరు కావలెను." కింద సిబ్బంది జాబితా. నటులు సిబ్బంది కారు. జాబితాలో ఉన్నది ఒకే పేరు.

"రెండు నిమిషాలు సార్," అంది సుభాషిణి. "క్యాలెండరు చింపడానికి వెళ్ళాను. మీ ఉత్తర్వు కోసమే వెళ్ళాను."

"ఏమ్మా, మనిషికి ఏడాదికి ఒక్క దీపావళి. నీది అయిపోయింది. నేనేం చెయ్యను?" నిజంగానే జాలిగా అన్నారాయన. చెడ్డమనిషి కాదు. కాగితం ఎటు పొమ్మంటే అటు పోయేవాడు.

"శుక్రవారం భవనానికి తాళం కదా సార్. ఎక్కడికి రాను?"

"గేటు బయట నిలబడు. పది నుంచి ఐదున్నర వరకు."

ఇంటికి వెళ్ళి ఆ రాత్రి సుభాషిణి ఏడవాలని కూర్చుంది. చంద్రమౌళి పక్కన కూర్చుని, తన బూరెలో సగం ఇంకా మిగిల్చి ఉంచానని జేబు రుమాల్లోంచి తీసి ఇచ్చాడు. నలిగిపోయి పూర్ణం బయటికొచ్చిన ఆ సగం బూరె చూసి ఏడుపు ఎటో పోయింది. తింటూ తింటూ ఆలోచించింది. పొందిక చూసే మనిషి ఆలోచనలు పొందికగానే సాగుతాయి. ఒక షాట్‌లో బల్లమీద ఉన్న చెంబు తరవాతి షాట్‌లో లేదంటే ఎవరో తీసినట్టే. తీసినది ఇంకెక్కడో ఉండాలి. గీత లోపలికి దీపావళి వచ్చింది, సరే. మరి అంతకు ముందు అక్కడున్నదేమైంది?

మర్నాడు పదింటికి గరుడాచలంగారి గదిలో నిలబడింది.

"సార్, చిన్న సందేహం. నిన్న గీత బయట బుధవారం. లోపల దీపావళి. అవునా?"

"అవును."

"మరి లోపలి బుధవారం ఏమైంది సార్?"

"అంటే?"

"భవనమంతటికీ ఒక బుధవారం వచ్చింది. అందులో పద్దెనిమిది ఇంటు ఇరవై రెండు ముక్క మనం వాడలేదు. ఎవరూ అందులో పని చెయ్యలేదు. అది ఎక్కడుంది?"

గరుడాచలంగారు పెన్ను మూత పెట్టారు. మళ్ళీ తీశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతిలో గుండుసూది పోలేదు.

"ఒక బుధవారం కనబడడం లేదంటావు."

"తనిఖీకి ఎవరైనా వస్తే అడుగుతారేమోనని భయమేసింది సార్."

"ష్!" అని తలుపు వెయ్యమన్నారు. ఆయన గొంతు తగ్గిపోయింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్. నావల్ల జరిగిన తప్పు నేనే దిద్దుకుంటాను. శుక్రవారం నేను ఎలాగూ డ్యూటీ. ఆ మిగిలిన బుధవారాన్ని శుక్రవారంనాడు నేను వాడేస్తాను. కానీ గేటు బయట కుదరదు సార్, అది రోడ్డు. పద్దెనిమిది ఇంటు ఇరవై రెండు ఖాళీ జాగా కావాలి. ఒక ఇల్లు ఆనుకుని ఉండాలి. మన సెట్టుకి పొందిక కుదరాలి కదా."

"అలాంటి జాగా ఎక్కడ దొరుకుతుంది?"

"వెతగ్గా వెతగ్గా బాపట్లలో ఒకటి కనిపించింది సార్."

గరుడాచలంగారు ఆవిడ మొహంలోకి చూశారు. ఆయన మీసాల కింద ఏదో కదిలింది. కదిలిందని ఆఫీసులో ఎవరూ నమ్మలేదు తరవాత. సొరుగు తీసి, నిన్నటి సుద్దముక్క బయటికి తీసి, సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

"బహిర్ స్థల విధి. రిజిస్టరు తీసుకెళ్ళు. ఆ బుధవారం పూర్తిగా అయిపోవాలమ్మా. మిగల్చకు."

*

తరవాతి వారం బాపట్లలో, శుక్రవారం పొద్దున సుందరరామయ్యగారు కూతురు చెప్పిందంతా విని ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. సర్కారు బళ్ళో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. ఉత్తర్వు చూశారు, సుద్దముక్క తీసుకున్నారు, కొలబద్ద లేకుండా పెరట్లో పద్దెనిమిది ఇంటు ఇరవై రెండు గీసేశారు. మూలలు ఎంత సూటిగా వచ్చాయో చూసుకుని మురిసిపోయారు.

పదింటికి సుభాషిణి గీత లోపల పీట వేసుకుని కూర్చుంది. చుట్టూ దీపావళి. డాబా మీంచి సిసింద్రీల వాసన, వంటింట్లోంచి నేతి వాసన. ఆవిడ మాత్రం బుధవారంలో ఉంది. బుధవారం కనక నోటుబుక్కు తీసి, ఎదురుగా జరిగేవన్నీ రాసింది: అమ్మ కుడిచేత్తో గరిటె. నాన్నగారి ఎడంచెవి మీద పెన్సిలు. మావారికి కొత్త పంచె, కట్టు వదులు.

"అదేం ఉద్యోగమే తల్లీ," అంది అమ్మ గీత దగ్గర నిలబడి. "ఈ అరిసె తినొచ్చా తినకూడదా?"

"భోజన విరామం ఒంటిగంటకమ్మా."

చంద్రమౌళి మాటిమాటికీ రిజిస్టరులో సంతకం చేసి లోపలికి వచ్చేవాడు. "పేరు: చంద్రమౌళి. కలవవలసిన వ్యక్తి: భార్య. పని: ఊరికే." సాయంత్రానికి ఆ పేజీ నిండింది. పని గడిలో చివరి రెండుసార్లూ ఏం రాశాడో చూసి సుభాషిణి ఆ గడి మీద సిరా ఒలకబోయవలసి వచ్చింది.

ఐదవుతుంటే ఎండ పెరటిగోడ ఎక్కింది. వీధిలో పిల్లలు గోగుపుల్లలకి నూనె వత్తులు చుట్టి దివిటీలు సిద్ధం చేసుకుంటున్నారు. చంద్రమౌళి కూడా ఒకటి పట్టుకుని గీత అంచున నిలబడ్డాడు.

"ఇంకా ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"ఎవరు చూస్తారు సుభా? వచ్చెయ్."

"పిఠాపురంలో స్టేషను మాస్టారు చూస్తారు," అంది సుభాషిణి. "ఉండండి. పూర్తిగా అయిపోనివ్వండి."

సరిగ్గా ఐదున్నరకి నాన్నగారు గోడగడియారం చూసి చెయ్యెత్తారు. సుభాషిణి నోటుబుక్కు మూసి, రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకుని, చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడినట్టు ఒక్క గెంతు గెంతింది. కాలి మట్టెలు ఘల్లుమన్నాయి. దీపావళిలోకి వచ్చిపడింది.

దివిటీలు కొట్టి, కాళ్ళు కడుక్కుని, నోరు తీపి చేసుకునేసరికి ఏడున్నరయింది. వీధివాళ్ళంతా డ్రాయింగు మాస్టారింటి ముందుగదిలో టీవీ చుట్టూ చేరారు. "ఎదురు గుమ్మం" మొదలైంది. గోడమీద క్యాలెండరు తేదీ సరిగ్గా ఉంది. పీటమీద అల్లుడు బూరె పట్టుకుని, "మా ఆవిణ్ణి బాపట్ల పంపించండి చాలు," అన్నాడు. గదంతా టీవీ మీంచి కళ్ళు తిప్పి మూలన కూర్చున్న చంద్రమౌళిని చూసింది. ఆయన కొత్త పంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలో ఉన్న అరిసెలన్నీ ఆయన ముందే పెట్టేసింది.

సోమవారం సుభాషిణి నివేదిక గరుడాచలంగారి బల్లమీద ఉంది. ఆయన నిలబడి చదివారు.

"బహిర్ స్థల విధి ముగిసినది. గీత లోపల బుధవారము ఐదున్నరకు పూర్తిగా అయిపోయినది, మిగులు లేదు. సుద్దముక్క అరిగిపోయినది. గీత లోపల సెలవు అనుభవించినవారు: ఎవరూ లేరు. గీత బయట: ఊరంతా."